చదరంగపు పెద్దలకు దక్కిన మన్నన

శ్రీకృష్ణదేవరాయల కొలువులో కవులకే కాక చదరంగమాడువారికిని మన్నన యుండెనని పెద్దలు చెప్పుకొందురు. బొడ్డుచర్ల తిమ్మన యను కవి రాయలవారితో నిత్యము చదరంగమాడి గెలుచుచుండెడివాడనియు, ఆ నేర్పునకు మెచ్చి రాయలు ఆతనికొక గ్రామమును అగ్రహారముగా నొసగెననియు ఒక చాటుకథ తెలుగునాట చిరకాలముగా వ్యాప్తిలో నున్నది. ఓడిన రాజు తన్ను ఓడించిన వానికి ఊరి నిచ్చుట సామాన్యమైన సంగతి కాదు. ఈ కథలో నిజమెంత యున్నను, చదరంగమును వట్టి ప్రొద్దుపుచ్చు వేడుకగా గాక ఒక విద్యగా ఎంచిన కాలమొకటి మన దేశమున నుండెననుట దీనివలన తేటపడుచున్నది. రాజులును అగ్రహారములును గతించిన పిదప ఈ విద్యకై జీవితమును ధారపోసినవారిని గుర్తించు భారమెవరి మీద పడినది? ఆ గుర్తింపు అందరికిని అందినదా? ఈ ప్రశ్నలకు సమాధానము కొందరి జీవితములలోనే వెదకవలెను.

చదరంగమునకు పుట్టినిల్లు భారతదేశము. రథ గజ తురగ పదాతులను నాలుగు అంగములు గల సేననుబట్టి దీనికి చతురంగమని పేరు వచ్చినది. ఇది ఇచ్చటినుండి పారసీకమునకును, అచ్చటినుండి అరబ్బుల దేశములకును, పిదప ఐరోపాకును ప్రయాణము చేసినది. పోయిన చోట నెల్ల కొంత మార్పు చెందినది. ఐరోపావారు బంటునకు మొదటి ఎత్తున రెండు గడులు నడచు స్వాతంత్ర్యము నిచ్చిరి. రాజును ఏనుగు చాటున చేర్చి కోట కట్టుకొను పద్ధతిని కల్పించిరి. మన పల్లెలలో మాత్రము బంటు ఒక్కొక్క గడియే నడచుచుండెను. కోట కట్టుటకు మారుగా రాజు ఆటలో ఒక్కసారి గుఱ్ఱమువలె దూకవచ్చును. బంటు ఏ వరుసలో కొస గడిని చేరునో ఆ వరుసకు చెందిన బలముగానే మారవలెను. ఇవి గాక ప్రాంతమునకొక మర్యాద కూడ నుండెను. అందుచేత రచ్చబండపై పదియూళ్ల వారిని ఓడించిన మేటి యైనను సముద్రము దాటి పోయినచో మరల ఓనమాలు దిద్దుకొనవలసినదే.

సుల్తాన్ ఖానుకు పట్టిన గతి ఇదియే. అతడు 1903 ప్రాంతమున పంజాబులోని మిఠా తివానా యను గ్రామమున జన్మించెను. ఆ గ్రామమిప్పుడు పాకిస్తానులో నున్నది. బాల్యమున తండ్రివద్ద దేశీయ చదరంగము నభ్యసించి, యౌవనము వచ్చునప్పటికే ఆ ప్రాంతమున తనకు సాటి లేదనిపించుకొనెను. సర్ ఉమర్ హయాత్ ఖాన్ అను గొప్ప జమీందారు అతనిని చేరదీసి, ఐరోపా పద్ధతి నేర్చుకొను ఏర్పాటు చేసెను. 1928లో జరిగిన అఖిల భారత పోటీలో సుల్తాన్ ఖాన్ ఒక్క ఆటయు ఓడక ప్రథమ స్థానము నందెను. మరుసటి సంవత్సరము జమీందారుతో కూడ లండన్ నగరమునకు ప్రయాణమయ్యెను.

అచ్చటి ఆటగాండ్రు ప్రారంభపుటెత్తులను గ్రంథములు చదివి కంఠస్థము చేసియుండిరి. సుల్తాన్ ఖానునకు ఆ గ్రంథముల పరిచయము లేదు. ఇంగ్లండు చలి అతని శరీరమునకు సరిపడలేదు. మలేరియా జ్వరమును, జలుబును తరచుగా బాధించెడివి. మెడకు గుడ్డ చుట్టుకొని ఆటకు కూర్చుండెడివాడు. పలుమారు మొదటి పదిపదునైదు ఎత్తులలో ఇబ్బంది పడి, నడుమ నిలదొక్కుకొని, బలములు కొలదిగా మిగిలిన తరుణమున ఎదుటివానిని మెల్లగా ఊపిరాడకుండ చేయుట అతని తీరు. ఈ తీరుతోనే 1929లో రామ్స్‌గేటున బ్రిటిష్ చాంపియన్ పదవిని గెలిచెను. 1932లోను, 1933లోను మరల గెలిచెను. అయిదేండ్లలో ముమ్మారు! 1930 డిసెంబరు చివర హేస్టింగ్స్ పట్టణమున మొదలైన పోటీలో ప్రపంచ మాజీ చాంపియనగు కాపాబ్లాంకాను ఓడించెను. కాపాబ్లాంకాను ఓడించుట ఆ కాలమున ఎట్టిదో చదరంగమెరిగిన వారికి చెప్పనక్కరలేదు. హాంబర్గు, ప్రాగ్, ఫోక్‌స్టన్ నగరములలో జరిగిన ఒలింపియాడులందు ఇంగ్లండు జట్టుకు మొదటి బల్లపై ఆడినవాడు ఈ పంజాబు పల్లెవాడే. అదే జమీందారు పరివారములోని ఫాతిమా యను యువతి 1933లో బ్రిటిష్ మహిళా చాంపియన్ అయ్యెననుట మరియొక వింత.

1933 చివర జమీందారు స్వదేశమునకు మరలగా సుల్తాన్ ఖానును మరలి వచ్చెను. 1935లో ఖాడిల్కర్ అను ఆటగానితో పది ఆటలాడి ఒక్కటి మాత్రమే సమము చేసి తక్కిన తొమ్మిదియు గెలిచెను. దానితో అతని పేరు పోటీలలో వినరాక పోయెను. అతనిని ఇంటి సేవకుడనియు, చదువురానివాడనియు ఇంగ్లీషు రచయితలు చాలకాలము వ్రాసిరి. వంశీయులు ఆ మాటను ఒప్పుకొనలేదు. బల్లపై ఓడింపలేని వానిని కథలోనైన తక్కువ చేయవలెనను బుద్ధి మనుష్యులకు లేకపోలేదు.

ప్రపంచ చదరంగ సమాఖ్య యగు ఫిడే 1950లో మొదటిసారిగా 27 మందికి గ్రాండ్‌మాస్టరు బిరుదు నొసగెను. వారిలో పోలండు దేశీయుడగు రూబిన్‌స్టైన్ ఒకడు. అతడు 1932 తరువాత పోటీల జోలికి పోలేదు. అయినను పూర్వ కీర్తిని తలచి బిరుదునిచ్చుట న్యాయమే. ఆ రూబిన్‌స్టైన్‌ను 1931లో ప్రాగ్ ఒలింపియాడున సుల్తాన్ ఖాన్ ఓడించియుండెను. ఓడినవానికి దక్కిన బిరుదు గెలిచినవానికి దక్కలేదు. సుల్తాన్ ఖాన్ అప్పటికి జీవించియే యున్నాడు. మరి 16 సంవత్సరములు జీవించి 1966లో సర్గోధాలో మరణించెను. 2024 ఫిబ్రవరిలో ఫిడే అతనికి గౌరవ గ్రాండ్‌మాస్టరు బిరుదును ప్రకటించి, ఆ పత్రమును ఇస్లామాబాదున పాకిస్తాను ప్రధానమంత్రి చేతికిచ్చెను. పత్రము చేరునప్పటికి దానినందుకొనవలసిన వాడు పోయి 58 సంవత్సరములు కావచ్చినది.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప మన దేశమున జమీందారుల ఆదరణ తరిగిపోయెను. ఆ స్థానమును సంఘములు పూరింపవలసి వచ్చెను. 1951లో అఖిల భారత చదరంగ సమాఖ్య ఏర్పడెను. దాని యాజమాన్యమున మొట్టమొదటి జాతీయ చాంపియన్ పోటీ 1955లో జరిగినది మన ఏలూరు పట్టణముననే. ఆ పోటీలో ఆంధ్రుడగు డి. వెంకయ్యయు, మహారాష్ట్రుడగు రామచంద్ర సప్రేయు సమముగా నిలిచి బిరుదును పంచుకొనిరి. తివాచీలకు పేరుపొందిన ఏలూరు చదరంగ చరిత్రలో కూడ ఇట్లు చోటు సంపాదించుకొన్నదని నేటి విద్యార్థులలో ఎందరెరుగుదురు?

ఆ తరువాతి కాలమున ఇరువదియేండ్లకు పైగా భారత చదరంగమునకు పేరెన్నికగన్న వాడు మాన్యువెల్ ఆరన్. ఆయన 1935 డిసెంబరు 30వ తేదీన బర్మాలోని టౌంగూ పట్టణమున భారతీయులగు తలిదండ్రులకు జన్మించి తమిళనాట పెరిగెను. 1959 మొదలు 1981 వరకు తొమ్మిది పర్యాయములు జాతీయ చాంపియన్ పదవిని గెలిచెను. 1961లో ఆసియా ప్రాంతపు పోటీలందు ఆస్ట్రేలియా దేశీయుడగు పర్డీని, మంగోలియా దేశీయుడగు మోమోను ఓడించి, ఇంటర్నేషనల్ మాస్టరు బిరుదు సంపాదించెను. ఆ బిరుదు నందిన ప్రథమ భారతీయుడాయనయే. రెండవవాడైన రవికుమార్ ఆ బిరుదు నందినది 1978లో. నడుమ గడచిన పదునేడు సంవత్సరములును ఆరన్ ఒంటరిగానే ఆ ఎత్తున నిలిచియుండెను.

భారత ప్రభుత్వము క్రీడాకారుల కొరకు అర్జున పురస్కారమును నెలకొల్పినదియు ఆ 1961లోనే. మొదటి సంవత్సరము దానినందుకొన్న వారిలో టెన్నిసు ఆటగాడు రామనాథన్ కృష్ణన్, క్రికెటు ఆటగాడు సలీం దురానీ, బ్యాడ్మింటన్ ఆటగాడు నందూ నాటేకర్, ఫుట్‌బాలు ఆటగాడు పి. కె. బెనర్జీ మున్నగువారుండిరి. వారి సరసన చదరంగపు ఆరన్ కూడ నిలిచెను. మైదానమున పరుగిడి చెమటోడ్చువారి నడుమ కుర్చీలో కూర్చుండి ఆలోచించువానికిని చోటు లభించినది. చదరంగము క్రీడయా, కాలక్షేపమా యను వాదమునకు ఆ పురస్కారమొక సమాధానము. ఇది చిన్న విషయము కాదు. బిడ్డ చదరంగపు బల్ల ముందు కూర్చున్నచో చదువు చెడునని భయపడు ఇండ్లలో ప్రభుత్వ ముద్ర గల పత్రమునకు గల విలువ వేరు.

గౌరవమందిన వెంటనే కష్టములు తొలగిపోలేదు. 1962లో స్టాక్‌హోమ్ నగరమున ప్రపంచ చాంపియన్ పదవికై జరిగిన అంతర్‌మండల పోటీకి ఆరన్ అర్హత పొందెను. ఆ పోటీలో ప్రథముడుగా నిలిచినవాడు బాబీ ఫిషర్. పాల్గొన్న 23 మందిలో కడపటి స్థానము ఆరన్‌ది. కాని ఆ కడపటివాడే హంగరీ మేటియగు పోర్టిష్‌ను, జర్మనీ మేటియగు ఊల్మన్‌ను ఓడించెను. సోవియటు ఆటగానికి వెనుక గురువులు, పుస్తకములు, పాఠశాలలు ఉండెను. భారతీయునికి ఇవి ఏవియు లేవు. తనకు లేకపోయినవి తరువాతివారికైన ఉండవలెనని ఆరన్ పూనుకొన్న తీరే ఆయన జీవితములో మెచ్చదగిన భాగము. పురస్కారములకన్న ఆ పూనికనే ఎక్కువగా చెప్పుకొనవలెను.

1972లో మద్రాసు నగరములోని సోవియట్ సాంస్కృతిక కేంద్రమున, ప్రపంచ మాజీ చాంపియనగు మిఖాయిల్ తాల్ పేర ఒక చదరంగ సంఘము వెలసినది. దానిని నడపిన వారిలో ఆరన్ ముఖ్యుడు. రష్యను పుస్తకములు, పత్రికలు అచ్చట లభించెడివి; గడియారములతో, సరియైన నిబంధనలతో పిల్లలచే పోటీలాడించెడివారు. సాయంకాలములందు ఆ గదికి వచ్చిన పిల్లలలో విశ్వనాథన్ ఆనంద్ అను బాలుడొకడు. అతని తరువాతి కథ జగద్విదితము: 1988లో భారతదేశపు మొదటి గ్రాండ్‌మాస్టరు; 1991-92 సంవత్సరమునకు రాజీవ్ గాంధీ ఖేల్ రత్న పురస్కారము నందిన మొదటి క్రీడాకారుడు; పిదప ప్రపంచ చాంపియన్; 2008లో పద్మవిభూషణుడు.

ఆరన్ పత్రికా సంపాదకుడుగా ఆటలను ప్రకటించెను. సమాఖ్యలలో బాధ్యతలు వహించెను. విజయ్ పండిట్ అను సహరచయితతో కలిసి భారత చదరంగ చరిత్రను ఆరవ శతాబ్ది మొదలు 2010 వరకు గ్రంథరూపమున సంతరించి 2014లో వెలువరించెను. ఆటలో గెలిచినవాడు ఆట చరిత్రను వ్రాయుటకు కూర్చుండుట అరుదు. ఓడినవారి పేళ్లు కూడ అందులో వ్రాయవలసియుండునుగదా!

అర్జున పురస్కారము ఆడి గెలిచినవారిది. ఆట నేర్పినవారి సంగతి ఏమి? ఈ లోపమును తీర్చుటకు 1985లో ద్రోణాచార్య పురస్కారము ఏర్పడినది. శిష్యుని పేర పురస్కారము పెట్టిన ఇరువదినాలుగేండ్లకు గురువు పేర పెట్టిరి. గురువు లేకయే విద్య నేర్చిన ఏకలవ్యులను ఎట్లు గౌరవింపవలెననుట మాత్రము ఈ రెంటివలనను తేలలేదు. 1986లో మహారాష్ట్రుడగు రఘునందన్ గోఖలే చదరంగ శిక్షకుడుగా ఈ పురస్కారము నందుకొనెను. 2006లో అది ఒక తెలుగువానికి లభించినది. ఆయన పేరు కోనేరు అశోక్.

అశోక్ రసాయనశాస్త్ర అధ్యాపకుడు. తానును చక్కని చదరంగ క్రీడాకారుడు. 1987 మార్చి 31వ తేదీన గుడివాడలో జన్మించిన తన కుమార్తె హంపికి అయిదారేండ్ల వయసుననే చదరంగము నేర్పెను. బిడ్డకు అసాధారణమైన బుద్ధి యున్నదని గ్రహించి, ఉద్యోగమును విడిచి, ఆమె శిక్షణయే తన వృత్తిగా చేసికొనెను. నెల తిరిగిన చేతికి వచ్చు జీతమును ఒక పసిబిడ్డ ప్రతిభను నమ్మి వదలుకొనుట మధ్యతరగతి కుటుంబమున ఎంతటి సాహసమో సంసారులు ఊహింపగలరు. ఓడినచో తండ్రిని లోకులు ఏమనియుందురో ఊహించుట మరింత సులభము.

హంపి 1997లో పదేండ్ల లోపు బాలికల ప్రపంచ పోటీలోను, 1998లో పన్నెండేండ్ల లోపువారి పోటీలోను, 2000లో పదునాలుగేండ్ల లోపువారి పోటీలోను గెలిచెను. 1999లో అహమ్మదాబాదున జరిగిన ఆసియా పోటీలో బాలురతో కలిసి ఆడి ప్రథమ స్థానము నందెను. 2002లో 15 సంవత్సరముల 1 నెల 27 దినముల వయసున గ్రాండ్‌మాస్టరు అయ్యెను. అంతవరకు ఏ స్త్రీయు అంత చిన్న వయసున పురుషులతో సమానమైన ఆ బిరుదు సంపాదింపలేదు. హంగరీ దేశీయురాలగు జూడిత్ పోల్గార్ నెలకొల్పిన మేర మూడు మాసములతో వెనుకబడెను. 2003లో హంపికి అర్జున పురస్కారము, 2007లో పద్మశ్రీ లభించినవి. తండ్రికి ద్రోణాచార్య, కుమార్తెకు అర్జున! ఒకే ఇంట ఈ రెండును చేరుట చూచి ఆ పేర్లు పెట్టినవారు కూడ సంతోషించియుందురు. వివాహమాడి, తల్లియై, కొంతకాలము ఆటకు దూరముగా నుండి మరల వచ్చిన హంపి 2019లో మాస్కోలోను, 2024లో న్యూయార్కులోను మహిళల ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్ పదవిని గెలిచెను.

తమిళనాట ఆర్. బి. రమేశ్ నడచిన దారియు ఇట్టిదే. సుల్తాన్ ఖాన్ ఒకనాడు గెలిచిన బ్రిటిష్ చాంపియన్ పదవిని 2002లో గెలిచినవాడీయన. తాను ఇంకను ఆడి గెలువగల వయసుననే బోధనకు పూనుకొని, ప్రజ్ఞానంద, వైశాలి యను అక్కతమ్ములను గ్రాండ్‌మాస్టరులుగా తీర్చిదిద్దెను. 2023 సంవత్సరమునకు గురువునకు ద్రోణాచార్య పురస్కారము, శిష్యురాలగు వైశాలికి అర్జున పురస్కారము ప్రకటింపబడినవి. ప్రజ్ఞానందకు అంతకు ముందటి యేడే అర్జున పురస్కారము వచ్చియున్నది.

ఆటగాడుగాను, అనంతరము ఆటకు సేవకుడుగాను జీవితమంతయు గడపినవారికై 2002లో ధ్యాన్‌చంద్ పేర వేరొక పురస్కారమును స్థాపించిరి. 2024లో దానిని మాని, అర్జున పురస్కారముననే జీవితకాల విభాగమొకటి ఏర్పరచిరి. ధ్యాన్‌చంద్ పురస్కారమును 2021లో చదరంగమునకై అందుకొన్నవాడు పూనా నగరవాసి యగు గ్రాండ్‌మాస్టరు అభిజిత్ కుంటే. జీవితకాల సేవకిచ్చు పురస్కారమనగా ఇక విశ్రాంతి తీసికొనుమని చెప్పుట యని కొందరు తలతురు. కుంటే అట్లు తలపలేదు. 2024 సెప్టెంబరులో హంగరీ రాజధాని బుడాపెస్టున జరిగిన ఒలింపియాడునకు భారత మహిళా జట్టు నాయకత్వమును వహించెను. ఆడని నాయకుని పని కష్టమైనది: ఏ దినమున ఎవరిని ఆడింపవలెనో, ఎవరిని కూర్చుండబెట్టవలెనో అతడు నిర్ణయింపవలెను, ఆట మొదలైన తరువాత ఎత్తును గూర్చి ఒక్క పలుకును పలుకరాదు. ఆ జట్టున గుంటూరు ఆడపడుచు ద్రోణవల్లి హారిక మొదటి బల్లపై కూర్చుండెను. ఆమె తొలిసారి ఒలింపియాడున ఆడినది 2004లో, పదుమూడేండ్ల వయసున. ఇరువదియేండ్లుగా స్వర్ణమునకై వేచియున్న ఆమె మెడలో ఈసారి అది పడినది. భారత మహిళా జట్టు ఒలింపియాడున ప్రథమ స్థానము నందుట అదియే మొదటిసారి. అదే దినమున పురుషుల జట్టును స్వర్ణము గెలిచెను. అందు గుంటూరు బిడ్డ పెంటేల హరికృష్ణయు, ఓరుగంటి యువకుడు అర్జున్ ఎరిగైసియు ఉండిరి.